మూడో మాట

మా బావ బాస్సు ఫోటో ఏయే దేశాల గోడల మీద వేలాడుతోందో ఆ దేవుడికే తెలియాలి. అట్లస్ కొండల్లో మా లోయ మీదుగా నడక యాత్రకు వచ్చిన ప్రతివాడూ ఒకటి తీసుకుపోయాడు. ఊరి చివర బాట పక్కన రాతిగోడ, దాని మీద తెల్ల తలపాగా పెట్టుకున్న ముసలాయన, మోకాళ్ల మీద ఖాళీ చేతులు. ఆ చేతులు ఎందుకు ఖాళీ అయ్యాయో వాళ్లకు కథగా చెప్పేది మా బావ పెంచిన కొడుకే. వాడే వాళ్ల గైడు. వాడు చెప్పే తీరు వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే అదే సంగతి నేనూ చెబుతున్నాను, వినండి.

నా పేరు హమ్ము. కంచరగాడిదలు తోలుతాను. బాస్సు పెళ్లాం తూదా మా అక్క. యాత్ర సాగినన్నాళ్లూ గైడు జాయిద్ నల్లద్దాలు పెట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ ముందు నడుస్తాడు. గుడారాలు, గిన్నెలు, దొరసానుల పెట్టెలు మోసుకుంటూ నా గాడిదలు వెనక. వాటి వెనక దుమ్ము మింగుతూ నేను. కింద రోడ్డు దగ్గర బయల్దేరి, అక్రోటు తోటలు దాటి, కనుమ ఎక్కి, పాత మట్టికోటలూ పీరు సమాధీ చూపించి, చివరికి మా ఊరి ధాన్యపు కోట దగ్గర దించుతాం.

ఆ కోట కొండచరియకు తేనెపట్టులా అతుక్కుని ఉంటుంది. ఊళ్లో ప్రతి ఇంటికీ అందులో ఒక గది. బార్లీ, నెయ్యి, ఆడవాళ్ల వెండి, పొలం కాగితాలు, అన్నీ అక్కడే. అన్ని గదులకూ కలిపి బయట ఒకటే తలుపు. ఆ తలుపుకు మూరెడు పొడవు చెక్క తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే వాడే కావలివాడు. ఊరి పంచాయతీ ఏరికోరి ఒక మనిషిని కూర్చోబెడుతుంది. మా బావను గడ్డం నల్లగా ఉన్నప్పుడే కూర్చోబెట్టింది.

తాళంచెవి కావలివాడి చెయ్యి దాటకూడదు. ఆయన పెళ్లిళ్లకు వెళ్లినా దాన్ని చంకలో పెట్టుకునే వెళ్లేవాడు. నిద్రపోయినా తల కింద అదే. "నాకొక సవతి ఉంది లెండి, చెక్కది. దాని పళ్లు లెక్కెట్టుకుంటేగానీ ఆయనకు నిద్రపట్టదు" అని మా అక్క నీళ్ల దగ్గర అందరినీ నవ్వించేది. కరువు వచ్చిన ఏడు మా బావ గది అందరికంటే ముందే ఖాళీ అయిపోయింది. ఊరందరి గింజలకూ కాపలా కాస్తూ, ఆయన మాత్రం అడవి ఆకు ఉడకబెట్టుకు తిన్నాడు. ఒక్క పిడికెడు తీసినా అడిగేవాడు లేడు. తియ్యలేదు. అలాంటి మనిషి.

పిల్లలు పుట్టలేదు. తమ్ముడు కనుమ మీద మంచులో చిక్కి, ఇంటికి తెచ్చాక పోతూ పోతూ కొడుకు చెయ్యి అన్న చేతిలో పెట్టాడు. వాడే జాయిద్. మా అక్క వాణ్ని కంటికి రెప్పలా పెంచింది. పట్నం పంపి చదివించారు. ఫ్రెంచి నేర్చుకుని, గైడు బిళ్ల మెడలో వేసుకుని వచ్చాడు. మా బావకు వాణ్ని చూస్తే పొంగిపోవడమే. "మావాడు నాలుగు భాషలు మాట్లాడతాడురా" అనేవాడు. మాట్లాడతాడు. నాలుగింటిలోనూ అబద్ధమాడగలడని అప్పటికి మాకు తెలియదు.

అక్రోట్లు దులిపే రోజులు. మా బావ చెట్టెక్కి పొడవాటి గెడతో కాయలు రాలుస్తున్నాడు. జాయిద్ ఒక గుంపును వెంటేసుకుని చెట్టు కిందికి వచ్చాడు.

"పెదనాన్నా, వీళ్లకు కోట చూపించాలి. నువ్వు దిగి, మళ్లీ కొండెక్కి, ఆ మోకాళ్లతో ఎందుకు? తాళంచెవి ఇలా పడెయ్. చూపించి తెచ్చేస్తా."

మా బావ కాసేపు ఆలోచించాడు. తర్వాత చంకలోంచి తీసి కిందికి అందించాడు. నేను పక్కనే గాడిదలకు జీను బిగిస్తున్నాను. ఊరుకోలేక, "ఏం బావా, సవతిని పరాయివాడి చేతిలో పెట్టావే!" అన్నాను.

"పరాయివాడెవడురా? నా చేతివేలే కదా" అన్నాడు మా బావ.

కోట చూపించి, తాళంచెవి తిరిగివ్వడానికి దిగి వచ్చేటప్పుడు జాయిద్ వీపున చుట్టచుట్టిన పడక చాప ఉంది. ఎప్పుడూ తన సామానంతా నా గాడిద మీద పడేసే మహారాజు, ఆ రోజు "నేనే మోస్తాలే మావా" అన్నాడు. వీడికి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకుని మురిసిపోయాను. మా బావ మాత్రం చెట్టు మీదనుంచి చూస్తూ ఉండిపోయాడు. మెత్తటి చాప, మనిషి రాయి మీదనుంచి దూకినప్పుడు వంగాలి. అది వంగలేదు.

చలికి ముందు గింజలకోసం విధవరాలు యామ్నా తన గదికి వెళ్లి, గుండెలు బాదుకుంటూ దిగింది. బార్లీ గింజ ఒక్కటి పోలేదు. గది తలుపు పోయింది. ముత్తాతల నాటి చెక్కుడు తలుపు, మనిషి వంగి దూరేంత చిన్నది, నడుమ సూర్యుడి బొమ్మ ఉండేది. అలాంటి వాటికోసం పట్నం వ్యాపారులు నోళ్లు తెరుచుకుని తిరుగుతారని మాకందరికీ తెలుసు.

పంచాయతీ కూర్చుంది. మా ఊళ్లో మనిషిని చంపినవాడికైనా క్షమాపణ ఉందేమో గానీ, కోటలో దొంగతనానికి లేదు. దొంగ ఇల్లు పడగొట్టి, వాణ్ని లోయ దాటిస్తారు. ఊరిపెద్ద మోహా అడిగాడు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంది బాస్సూ?"

"నా దగ్గరే."

"ఎవరికన్నా ఇచ్చావా?"

"తాళంచెవికి జవాబుదారీ నేను. ఇంకెవర్నీ అడక్కండి."

"కంచే చేను మేసిందిరా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. కరువులో ఆ కంచె కాపాడిన గింజలు తిన్న గొంతే అది. జాయిద్ అక్కడే చేతులు కట్టుకుని, తలుపు పోయినందుకు అందరికంటే ఎక్కువగా నాలుక చప్పరిస్తున్నాడు. పెద్ద తేల్చేశాడు. వచ్చే శుక్రవారం పీరు దగ్గర ప్రమాణం. బాస్సు మూడు మాటలు చెప్పి గెలిస్తే తాళంచెవి ఆయనదే. తడబడితే పోయినట్టే.

మరునాడు పొయ్యి దగ్గర మా అక్క రొట్టెలు కాలుస్తోంది. మా బావ ఆమెకు చాప సంగతి చెప్పాడు. నేనూ అక్కడే ఉన్నాను. మా అక్క చేతిలో పిండి అలాగే ఉండిపోయింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నమాట. చెప్పెయ్యవయ్యా పంచాయతీలో!"

"చెబితే ఇల్లు కూలుస్తారు. వెళ్లగొడతారు. రేపు పైకెళ్లాక మా తమ్ముడికి ఏం మొహం చూపించను?"

"మరి నీ మొహమో?"

"వాడే చెబుతాడే. మనం పెంచిన పిల్లాడు. నా పరువు పోతుంటే చూస్తూ ఊరుకుంటాడా? వాడంతట వాడు ఒప్పుకుంటే శిక్ష తగ్గించమని నేనే కాళ్లు పట్టుకుంటాను. చెబుతాడు చూడు."

శుక్రవారం వచ్చింది. పీరు సమాధి చుట్టూ ఊరంతా చెప్పులు విప్పి నిలబడింది. మా ఆచారంలో నిందపడినవాడి తరఫున రక్తసంబంధీకులు ముందు ప్రమాణం చేయాలి. జాయిద్ వంతు వచ్చింది. సమాధి మీది ఆకుపచ్చ గుడ్డ మీద చెయ్యి పెట్టి, లోయ మారుమోగేలా అన్నాడు.

"మా పెదనాన్న దొంగ కాదు. ఈ పీరు సాక్షి!"

అందులో అబద్ధం ఏముంది చెప్పండి? పీరు కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వలేదు వెధవ.

చివరగా మా బావ చెయ్యి పెట్టాడు. "నేను తియ్యలేదు" అన్నాడు. "తీసినవాడితో పంచుకోలేదు" అన్నాడు. ఇక మూడో మాట, "ఎవరు తీశారో నాకు తెలియదు." అంతే, అది అంటే అయిపోయేది. మా బావ తలెత్తి జాయిద్ వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం కాదు, బతిమాలుతున్నాడు. జాయిద్ తన పాదాలకేసి చూసుకుంటున్నాడు.

"మూడో మాట బాస్సూ" అన్నాడు పెద్ద.

"అది నా నోట రాదు."

"అంటే నీకు తెలుసు. ఎవరో చెప్పు."

"అదీ రాదు."

అబద్ధం చెబితే పీరంటే భయం, నిజం చెబితే పోయిన తమ్ముడంటే భయం. నోరు మూసుకుంటే ఊరు దొంగ అంటుంది. మా బావ నోరు మూసుకున్నాడు. తాళంచెవి చంకలోంచి తీసి, కొంగులాంటి తన జుబ్బా అంచుతో తుడిచి, పెద్ద చేతిలో పెట్టాడు. కోట మెట్టు ఎక్కకూడదన్నారు. నేరం రుజువు కాలేదు గనక ఇల్లు మాత్రం వదిలేశారు, ఎంత దయో!

అక్కడితో అయిపోలేదు. ప్రమాణం తప్పినవాడు పంచాయతీకి భోజనం పెట్టాలి. ఉన్న ఒక్క ఆవునూ కోశారు. తన మొగుణ్ని దొంగను చేసినవాళ్లకు మా అక్క రోజంతా వండి, పళ్లేలు నింపి పెట్టింది. జాయిద్ ముందు పళ్లెం పెడుతూ అడిగింది.

"గొంతు దిగుతోందా నాయనా?"

"ఆఁ పెద్దమ్మా, చాలా బాగుంది" అన్నాడు వాడు, ఎముక చప్పరిస్తూ.

ఆ మర్నాడే సామాను సర్దుకుని కింది ఊళ్లో కాపురం పెట్టాడు. పెదనాన్న గుమ్మం మళ్లీ తొక్కలేదు. అయితే యాత్ర దారి మా ఊరి మీదుగానే కదా. అందుకని గుంపు వచ్చినప్పుడల్లా మా బావ వెళ్లి బాట పక్కన ఆ గోడ మీద కూర్చునేవాడు. జుబ్బాకు మెడ వెనక వేలాడే టోపీలో మా అక్క కాల్చిన బార్లీ రొట్టె ఒకటి దాచుకునేవాడు. "ఎందుకయ్యా ఈ కాపలా, పోయిన కాపలా చాలదా?" అని మా అక్క తిడితే, "వాడు నా ముందునుంచే పోవాలి గదే. ఏదో ఒకరోజు ఆగుతాడు. ఆకలితో ఉంటాడు" అనేవాడు.

వాడు ఆగేవాడు. ఆగి, గుంపును చుట్టూ నిలబెట్టుకుని, ఫ్రెంచిలో కథ చెప్పేవాడు. గాడిదల వెనక నడిచి నడిచి నాకూ ఆ భాష ఒంటబట్టింది. "ఈయన మా పెదనాన్న. పీరుకు భయపడి అబద్ధమాడలేక తాళంచెవి పోగొట్టుకున్న మనిషి. మా కొండల్లో మాటంటే అంత విలువ!" అనేవాడు, రొమ్ము విరుచుకుని. వాళ్లు అబ్బా అబ్బా అంటూ ఫోటోలు తీసుకునేవాళ్లు. నేను గాడిదను కొట్టకూడని చోట కొట్టేవాణ్ని.

ఈ వసంతంలో ఒక నెరిసిన జుట్టు దొరసాని వచ్చింది. కథ విని అందరిలా ఫోటో తియ్యలేదు. నేరుగా అడిగింది. "అయితే తలుపు తీసిందెవరో ఈయనకు తెలుసా? అడగండి."

జాయిద్ మొహం మాడిపోయింది. తప్పించుకుందామని చూశాడు. ఆమె వదల్లేదు. చివరికి మా బావ వైపు తిరిగాడు. అన్నాళ్ల తర్వాత వాడు ఆయనతో మా భాషలో మాట్లాడటం అదే.

"ఆ తలుపు తీసిందెవరో నీకు తెలుసా అని అడుగుతున్నారు."

మా బావ వాడి మొహంలోకి చూశాడు. ముసలి కళ్లలో ఎంత ఆశో!

"తెలుసని చెప్పు నాయనా. వాడి మీద నాకు కోపం లేదని చెప్పు. వచ్చి ఒక్కమాట, నేనే పెదనాన్నా అంటే చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు, నాతో అంటే చాలు. రొట్టె కూడా తెచ్చానని చెప్పు."

జాయిద్ దొరసాని వైపు తిరిగాడు. "జ్ఞాపకం లేదట. ముసలాయన, తిన్నది కూడా మరిచిపోతుంటాడు" అన్నాడు, నవ్వుతూ. గుంపంతా ముద్దుగా నవ్వింది. దొరసాని మా బావ చేతిని నిమిరి ముందుకు నడిచింది. వాడు ఆమె ముందు నడిచాడు.

"హమ్మూ, వాడేం చెప్పాడురా?" అన్నాడు మా బావ.

నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కళ్లు చూసి మింగేశాను. "నువ్వు చెప్పిందే చెప్పాడు బావా."

"మరి వాళ్లు నవ్వారెందుకురా?"

బిగించి ఉన్న జీను పట్టెడనే మళ్లీ బిగిస్తూ నిలబడ్డాను. మా బావ గోడ దిగాడు. టోపీలోంచి రొట్టె తీసి, గుడ్డ విప్పి, నా గాడిద మూతికి అందించాడు. అది తినేదాకా నిలబడి, గుడ్డ మడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

మళ్లీ ఆ గోడ దగ్గరికి రాలేదు. గుంపు వచ్చే రోజు తలుపు గడియ వేసుకుంటున్నాడని మా అక్క చెప్పింది. ఆ తర్వాతి యాత్రలో జాయిద్ ఖాళీ గోడ ముందు గుంపును ఆపి, "ఆయన ఇక్కడే కూర్చునేవాడు" అంటూ కథంతా చెప్పాడు. వాళ్లు గోడను ఫోటో తీసుకున్నారు.