లెటిస్ చేతిలోని పుర్రె

ఆవిస్ దాది నోట ఎప్పుడూ ఒకటే మాట: తప్పు నాదేనండీ. ఎల్వర్త్ ప్రభువు దివాణంలో గాజు పాత్ర పగిలినా, ప్రభువు కూతురు లెటిస్ పాఠం అప్పజెప్పకపోయినా, ప్రభువు కోపం పట్టలేక కూతురి మీద చెయ్యి చేసుకున్నా, నింద తన నెత్తినే వేసుకునేది. పురిట్లో తన బిడ్డను పోగొట్టుకుని, ఆ పాలు ఇచ్చి పెంచిన పిల్ల కదా లెటిస్! దాని మీద దెబ్బ పడితే ఈవిడ ప్రాణం విలవిల్లాడేది.

అంత ముద్దుగా పెరిగిన పిల్ల పంతొమ్మిదో ఏట దివాణంలో డేగలను సాకేవాడితో వెళ్ళిపోయింది. తండ్రికి చెప్పలేదంటే సరే, ఆయన తోలు ఒలిచేవాడు. దాదికైనా ఒక్క ముక్క చెప్పొద్దూ? ఆవిస్ మనసు ఆ రోజే విరిగిపోయింది.

ఆ ఏడే ప్రభువు ఊరి చర్చిలో తన సమాధి కట్టించుకున్నాడు. బతికుండగానే సమాధి ముస్తాబు చేసుకోవడం ఆ గొప్పింటి వాళ్ళకొక సరదా. పైన తనూ, చనిపోయిన భార్యా పాలరాతిలో పడుకుని ఉంటారు. కింద పిల్లలు వరసగా మోకరిల్లి ఉంటారు. తండ్రి కన్నా ముందే కన్నుమూసిన పిల్లల చేతుల్లో చిన్న పుర్రె చెక్కుతారు. పసితనంలోనే పోయిన ఇద్దరు మగపిల్లలకు అలాగే చెక్కారు. లెటిస్ చేతుల్లోనూ చెక్కమన్నాడు ప్రభువు. నా మటుకు అది చచ్చిందన్నాడు. శిల్పి నోరు మూసుకుని చెక్కాడు.

మూడేళ్ళకు మంచాన పడ్డాక గానీ ఆ మనిషి మెత్తబడలేదు. ఈస్టర్ పండుగకు రమ్మని కూతురికి కబురంపాడు. ఆవిస్‌ను పిలిచి, అది వచ్చేలోగా ఆ పుర్రె తీయించెయ్యమన్నాడు. శిల్పి అదే చర్చిలో వేరే పని మీద ఉన్నాడు, పుర్రె తీయడం పూట పని కూడా కాదు. ఆవిస్ సరేనంది. కానీ శిల్పికి చెప్పలేదు.

చూడనీ అనుకుంది. మూడేళ్ళు నేను పడ్డ ఏడుపు దానికీ కాస్త తెలియనీ. చూసి నా మెడ చుట్టేసుకుని భోరుమంటుంది, అప్పుడు ఓదార్చి, నాన్నగారి మాట చెప్పి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళతాను. ఎంత వెర్రి ఆశ!

లెటిస్ దివాణానికి వెళ్ళే ముందు తల్లి సమాధి చూద్దామని చర్చికే వచ్చింది, చంకలో కూతురితో. ముందు తల్లి దగ్గరికే వస్తుందని తెలిసి ఆవిస్ అక్కడే కాచుకుని ఉంది. లెటిస్ ఏడవలేదు. ఆ రాతి చేతుల్ని చాలాసేపు చూసింది.

"ఇది నాన్నగారు పెట్టించిందేనా, దాదీ?"

"అవునమ్మా," అంది ఆవిస్, కన్నీళ్ళ కోసం ఎదురుచూస్తూ.

"ఇది చూపించడానికా రమ్మంది!" అని లెటిస్ బిడ్డను భుజాన వేసుకుని గిరుక్కున తిరిగింది.

ఆవిస్ వెనకే పరిగెత్తి వాకిట్లో చెయ్యి పట్టుకుంది.

"తీయించెయ్యమన్నారమ్మా మీ నాన్నగారు. నేనే తీయించలేదు. తప్పు నాదే."

లెటిస్ జాలిగా చూసి ఆవిడ చెంప నిమిరింది. "ఇంకా మానలేదా దాదీ, ఆయన చేసినవన్నీ నీ నెత్తినేసుకోవడం?"

"ఒట్టు తల్లీ, ఈసారి నిజంగా నాదే."

"ఎప్పుడూ అదే అంటావుగా," అని లెటిస్, గుర్రంతో బయట నిలబడ్డ మొగుడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ప్రభువు కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆవిస్ ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"చాల్లే," అన్నాడాయన. "దాన్ని వెనకేసుకురావడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటేగా. రానంది, అంతేగా?"

ఆ వేసవిలోనే ఆయన పోయాడు. ఆవిస్ మర్నాడే శిల్పిని పట్టుకుని పుర్రె తీయించేసింది. లెటిస్ రాతి చేతులు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. అవి చూడడానికి ఆమె మళ్ళీ రాలేదు.