ఇమాస్ పెట్టిన ముహూర్తం

ఇమాస్‌ది అలాంటిలాంటి కుళ్లు కాదు. బాండుంగ్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు తొమ్మిదేళ్లుగా ఆవిడే పెద్ద దిక్కు. అందరూ 'తెతే' అని, అంటే అక్కా అని పిలుస్తారు. అలాంటిది, నిన్నగాక మొన్న చేరిన రెంగ్గా వచ్చి క్యాటరింగ్ నడిపే బు ఎనోక్, అంటే ఎనోక్ అమ్మగారి, సైట్‌కి గంట కట్టాడు. ఎవరు ఆర్డరు పెట్టినా ఆ క్షణమే వంటింటి తెర మీద గంట మోగుతుంది. ఇమాస్ ఏనాడో రాసిన కోడ్ అయితే అర నిమిషానికోసారి వెళ్లి, కొత్తవేమైనా ఉన్నాయా అని అడిగి రావాలి.

"పనంటే ఇదీ!" అన్నాడు యజమాని దాదాంగ్, ఇమాస్‌కు వినపడేలా.

శుక్రవారం బు ఎనోక్ ముందు గంట మోగితే టీమ్ లీడర్ కుర్చీ రెంగ్గాదే. ఇమాస్ మూడేళ్లుగా ఆ కుర్చీ మీదే ఆశ పెట్టుకుంది. ఒళ్లు మండిపోయింది.

"పరీక్ష ఎన్నింటికి పెడదాం?" అన్నాడు దాదాంగ్.

"పదకొండుకి. తర్వాత మీరు జుమా నమాజుకి వెళ్లాలిగా," అంది.

బు ఎనోక్ వంటింట్లో పనివాళ్ల అన్నానికి రోజూ పదకొండుకి వైఫై డబ్బా ప్లగ్గు పీకి, అదే సాకెట్‌లో రైస్ కుక్కర్ పెడతారు. ఆ సంగతి ఇమాస్‌కు తెలుసు. రెంగ్గా ఆ గడపే తొక్కలేదు.

శుక్రవారం అందరూ ఆ వంటింట్లో చేరారు. అనుకున్నట్టే పదకొండుకి వంటావిడ ప్లగ్గు పీకేసింది. దాదాంగ్ తన ఫోన్ నుంచి మూడు ఆర్డర్లు పెట్టాడు. తెర ఉలకలేదు, పలకలేదు. ఇమాస్ లోలోపల పండగ చేసుకుంది.

"ఏదయ్యా నీ గంట?" అంది బు ఎనోక్.

"కాసేపు కుక్కర్ తీసి, డబ్బాకి మళ్లీ ప్లగ్గు పెట్టించండి, బు," అన్నాడు రెంగ్గా తొణక్కుండా.

పెట్టారు. కాసేపటికి టంగు, టంగు, టంగు. మూడూ వరసగా వచ్చాయి.

"పోయినవి ఎలా వచ్చాయిరా?" అన్నాడు దాదాంగ్.

"అది నా గంట పని కాదు, పాక్ దాదాంగ్. లైను తెగితే మధ్యలో వచ్చినవి దానికి అందవు. తెతే పాత కోడ్ కింద అలాగే ఉంచాను. లైను రాగానే, నేను లేనప్పుడు ఏమొచ్చాయని అడిగేది అదే. ఆ కోడ్ పక్కనే తెతే రాశారు కూడా, 'ఇక్కడ పదకొండుకి కుక్కర్ కోసం ప్లగ్గు పీకుతారు, జాగ్రత్త' అని."

ఏడేళ్ల కిందట రాసిన ఆ ముక్క ఇమాస్ ఎప్పుడో మరిచిపోయింది.

రెంగ్గా ఆవిడ వైపు తిరిగి నవ్వాడు. "అందుకేగా తెతే, పదకొండు పెట్టారు? పరీక్ష గట్టిగా ఉండాలని!"

వాడి మొహంలో ఎక్కడా వెటకారం లేదు.

"అవునయ్యా," అంది ఇమాస్.

బు ఎనోక్ మళ్లీ కుక్కర్ పెట్టించి, అందరికీ ఆ అన్నమే వడ్డించింది. ఇమాస్ మెతుకులు కెలుకుతూ కూర్చుంది.