ఎర్రమన్ను కింద చెయ్యి

కృష్ణ ఒడ్డున తమ ఊరు సాగర్ నీళ్లలో మునుగుతుందని తెలిసిన నాటినుంచి గుర్వమ్మ మనసు ఇంటి మీద కన్నా గొర్ల కొట్టం మీదే కొట్టుకునేది. ఆ మట్టిగోడలు పెళ్లయిన కొత్తలో పెనిమిటి మల్లప్ప పెట్టినవి. వానలకు కరిగి, ఎండలకు నెర్రెలిచ్చినా, చూరు కింద దర్వాజా పక్కన అతని వేళ్ల జాడ మాత్రం చెదరలేదు. పచ్చిమట్టి మీద అరచెయ్యి అద్ది, ఇక ఇది మనదని అతను నవ్విన నాటి జాడ అది. అతను పోయినాక, రోజూ గొర్లను వదిలేముందు మల్లన్న దేవునికి దండం పెట్టుకుని ఆమె ఆ జాడలో తన వేళ్లు ఆనించేది.

నీళ్లు రాకముందే దాన్ని ఫొటో దింపించుకోవాలని ఆమె ఆశ. హాలియాలో ఫొటోలు తీసే జానయ్యకు కబురంపింది. పాడుబడ్డ కొట్టానికి ఫొటో ఏమిటని ఊరు నవ్వింది. జానయ్య నవ్వలేదు, శుక్రవారం వస్తానన్నాడు.

గురువారం గుర్వమ్మ మంద వెంట పోయింది. పక్కింటి హనుమమ్మకు ఊరుకోబుద్ధి కాలేదు. ఫొటో అంటే పండుగే కదా, గోడ అట్లా బోసిగా ఉంటే ఎట్లా అనుకుంది. నడుంనొప్పితో దవాఖాన చుట్టూ తిరిగే మనిషి, ఎర్రమన్ను మోసుకొచ్చి గోడంతా అలికింది. కడపకు పసుపు రాసి ముగ్గు పెట్టింది.

సాయంత్రం తిరిగొచ్చిన గుర్వమ్మ దర్వాజా దగ్గరే ఆగిపోయింది. గోడ నున్నగా మెరుస్తోంది.

“ఎట్లుందక్కా? నీ కొట్టం పెండ్లిపిల్ల లెక్కయింది,” అంది హనుమమ్మ. మోచేతుల దాకా మన్నే.

గుర్వమ్మ దర్వాజా పక్కకు చెయ్యి చాపి, తడిమన్ను తగలకముందే వెనక్కి తీసుకుంది.

“మంచిగుంది చెల్లె. నడుం నొస్తలేదా?” అంది. ఆ రాత్రి నీళ్లు కాచి, తానే ఆమె నడుముకు కాపడం పెట్టింది.

మర్నాడు జానయ్య మూడుకాళ్ల కెమెరా నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చాడు. చేతులు కిందికి వదిలి నిలబడమన్నాడు. గుర్వమ్మ వినలేదు. కళ్లు మూసుకుని దర్వాజా పక్కన తడిమి, ఎర్రమన్ను మీద ఒకచోట అరచెయ్యి ఆనించింది.

“గోడ పడిపోతదా ఏందవ్వా, గట్ల పట్టుకున్నవ్?”

“ఉండనీ బిడ్డా. గిట్లనే దించు.”

కొత్త ఊళ్లో ఆ ఫొటోకు అద్దం కట్టించి గోడకు తగిలించుకుంది. హనుమమ్మ వచ్చినప్పుడల్లా, తానలికిన గోడ ఎంత ముద్దుగా పడిందోనని మురిసేది. గుర్వమ్మ ఊ కొట్టేది. పొద్దున మల్లన్నకు మొక్కినాక మాత్రం, అద్దం మీద ఆ చెయ్యి ఉన్నచోట తన వేళ్లు ఆనించేది.