కింద దించలేదు

మేము సరిహద్దు కొండల్లోని ఆ మంచు సైనిక పోస్టుకు చేరేసరికి సాయంత్రమైంది. గాలి ఎదురు. మాట్లాడితే పళ్ళు కొట్టుకునేవి. గుడారం కింద నేల లేదు, మంచుగడ్డే.

అంతకు ముందు బేస్ క్యాంపు స్టోరులో ఒక చిన్న సంగతి జరిగింది. పడుకోవడానికి ఫోమ్ పరుపులు రెండు రకాలు పెట్టారు. ఒకటి పలచన, చుడితే చంకలో పట్టేది. రెండోది మందం, మడిచి వీపు మూట మీద కట్టుకోవాలి, గాలికి అడ్డం. ఎక్కేవాడికి ప్రతి పిడికెడు బరువూ లెక్కే, కాబట్టి అందరి చెయ్యీ పలచన దాని మీదికే పోయింది. చివరిది ముస్తాబాద్‌వాడికి దొరికింది. నాకు మందందే మిగిలింది.

పల్టన్‌లో అతన్ని ఊరి పేరుతో ముస్తాబాద్ అనే పిలిచేవాళ్ళం. నాది మేడిపల్లి, నన్నూ అలాగే. నా మూట చూసి అతను ఒకటే నవ్వు.

"ఏందిరా గిది, పరుపుల దుకాణం పెడ్తవా?"

"నీకు చలి పెడ్తే నా దగ్గరికే వస్తవు పో."

"మనకాడ చలి మీదికెళ్లి వస్తది. రెండు రగ్గులు కప్పుకుంటే అయిపాయె."

మా వైపు నులక మంచం మీద పడుకుని పెరిగినవాడు ఎవడైనా అదే అంటాడు. పోస్టులో చలి కింద మంచులో నుంచి వచ్చింది. మొదటి వారంలోనే తెలిసింది. నా పరుపు అడ్డంగా పరిచి ఇద్దరం నడుములు దాని మీద, కాళ్ళు అతని దాని మీద పెట్టుకున్నాం.

ఇప్పుడు కోరుట్ల, జగిత్యాల కుర్రాళ్ళు ట్రెక్కింగుకు పోతూ ఏ మ్యాట్ తేలికని నన్ను అడుగుతారు. బరువు తర్వాత చూడండి, ముందు మందం చూడండి అంటాను. అంతకు మించి చెప్పను.

పోస్టు నుంచి ఇంటికి వారానికోసారి ఫోన్ కలిసేది. తెలంగాణ కోసం ఊళ్ళో బంద్, సిరిసిల్ల రోడ్డు మీద వంటావార్పు అని చెప్పేవాళ్ళు. "మనం ఊరికి పోయేవరకు తెలంగాణ వస్తదారా?" అని అడిగేవాడు ముస్తాబాద్. తర్వాత అతనికి దగ్గు మొదలైంది. రెండో రోజుకు నోట్లో నురగ. ఈ ఎత్తుకు ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరాయి, పలచన పరుపుకూ దీనికీ సంబంధం లేదు అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. అయినా అతన్ని నా పరుపు మీదికి మార్చాను.

రేడియో ఆపరేటర్ హెలికాప్టర్ అడిగాడు. "మబ్బు. ఆగండి" అని జవాబు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే.

పొద్దెక్కాక ముస్తాబాద్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను కింద దించురా."

మా దగ్గర ప్రాణం పోయే మనిషిని మంచం మీద ఉంచరు. నేల మీదికి దించుతారు. దించితే ఇక ఆశ లేదని ఒప్పుకున్నట్టే. నాకు కోపం వచ్చింది.

"నోర్ముయ్. హెలికాప్టర్ వస్తది."

అతని చెయ్యి పరుపు అంచు దాటి మంచును వెతికింది. తీసి పైన పెట్టాను. మళ్ళీ జారింది. మళ్ళీ పెట్టాను. మధ్యాహ్నం ఆ చెయ్యి కదలడం మానేసింది. మబ్బు మర్నాడు విడిచింది.

పోస్టులో పరుపులు తక్కువ. డ్యూటీ అయ్యేదాకా ఆ పరుపు మీదే పడుకున్నాను.

సెలవులో వచ్చేసరికి బస్సులు బంద్. సిరిసిల్ల నుంచి ఆటోలో వాళ్ళ ఊరికి పోయాను. రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్ళు, ఎవరింటికి పోతున్నానో చెప్పగానే రాళ్ళు జరిపారు.

ముస్తాబాద్ వాళ్ళమ్మ గచ్చు మీద గోనెసంచి వేసుకుని బీడీలు చుడుతోంది. చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టింది. తర్వాత చాట పక్కన పెట్టింది.

"పానం పోయేటప్పుడు కింద దించిండ్రా కొడుకా?"

దారి పొడుగునా నేను భయపడింది ఈ ప్రశ్నకే.

"దించలేదమ్మా. కిందంత మంచుగడ్డ. నా పరుపు మీదనే ఉంచిన."

ఆమె నన్నే చూసింది.

"మంచిగ జేసినవ్. వాడు సలికి ఓర్వడు."

తన కింది గోనెసంచి లాగి నా వైపు జరిపింది. "నేల సల్లగున్నది, గిది ఏసుకో" అని తాను వట్టి గచ్చు మీద కూర్చుంది. దాని మీద కూర్చున్నాను. ఆ సంచి ఆమె ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది.