రేగిస్తాన్ అమీర్ చూపిన బోరు పాయింట్

అమీర్ అలీ ఎడారిలో పదకొండేళ్లు ఉండి వచ్చాడు. ఊళ్లో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. అక్కడ ఏం పని చేశాడని అడిగితే మాత్రం తలా ఒకటి అంటారు. ఒంటెలు కాశాడని కొందరు. షేకు ఇంట్లో కారు తోలాడని కొందరు. ఇసుకలో నీళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టేవాడని ఎక్కువమంది. నిజానికి అతను నీళ్ల ట్యాంకర్ తోలాడు, అంతే.

ఈ మూడో మాట పుట్టింది మసీదు దగ్గర. శామీర్‌పేట దాటి మేడ్చల్ పోయే దారిలో ఉన్న ఆ ఊళ్లో, అతను తిరిగొచ్చిన మూడో నెలలో మసీదు బోరు ఎండిపోయింది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్లు లేవు. కొత్త బోరు ఎక్కడ వేయాలని పెద్దలు కూర్చొని వాదించుకుంటుంటే, ఎండకు తట్టుకోలేక జమ్మిచెట్టు నీడన నిలబడ్డ అమీర్ అలీ, "గీడనే ఏసి సూడుండ్రి" అన్నాడు. రెండువందల చిల్లర అడుగులకే నీళ్లు చిమ్మాయి. ఆ శుక్రవారం నమాజు అయ్యేసరికి అతని పేరు రేగిస్తాన్ అమీర్, అంటే ఎడారి అమీర్, అయింది.

కాదని చెబుదామనే అనుకున్నాడు. కానీ పదకొండేళ్లు "ఏయ్ హిందీ" అని, అంటే ఏయ్ ఇండియావాడా అని, పిలిపించుకున్న మనిషికి సొంత ఊళ్లో పెద్దలు లేచి కుర్చీ వేయడం తియ్యగా తగిలింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని నాన్చాడు. నాన్చేకొద్దీ మాట ముదిరింది. ఇంకో ముగ్గురు వచ్చి పాయింట్ అడిగారు. ఇద్దరికి పడ్డాయి, ఒకరికి పడలేదు. పడనివాడు తన కర్మ అనుకున్నాడు గాని అమీర్‌ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు కూడా అతను తోలేది ట్యాంకరే. శామీర్‌పేట అవతల ఒక బోరు దగ్గర నింపుకొని కౌకూర్ అపార్ట్‌మెంట్లకూ, దూలపల్లి కంపెనీలకూ పోస్తాడు. ఎండాకాలంలో రోజుకు ఎనిమిది ట్రిప్పులు. స్టీరింగ్ పట్టుకొని ఒక్కోసారి గందరగోళపడతాడు. అక్కడ నీళ్లు లేని చోటికి నీళ్లు మోశాడు, దానికో అర్థముంది. ఇక్కడ చెరువులూ కుంటలూ ఉన్న చోటినుంచి మోస్తున్నాడు. ఏది ఎడారో, ఏది ఊరో అతనికి లెక్క తేలదు.

అతను ఉన్నది ఒమాన్ దేశం నడిమధ్య. పడమటికి పోతే రుబ్ అల్ ఖాలీ. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి దానిమీద రెండుసార్లు పరిచినా ఇంకా ఇసుక మిగిలిపోతుంది. ఆ పేరు విన్నప్పుడు దక్కనీ ఉర్దూ మాట్లాడే అమీర్ అలీకి నవ్వొచ్చింది. ఖాలీ అంటే ఖాళీయే గదా, అక్కడ చూడటానికి ఏముంటుంది అనుకున్నాడు. చూశాక నోరు మూసుకున్నాడు. ఇసుక అంతా ఒకటి కాదు. గుట్టలంత ఎత్తున లేచిన ఎర్ర ఇసుక వేరు. వాటి మధ్య అద్దంలా మెరిసే ఉప్పు నేల వేరు. పైన పెచ్చు గట్టిగా కనిపించి, బండి ఎక్కగానే ఇరుసుదాకా మింగేస్తుంది. తూర్పున చదునుగా పరుచుకున్న రాతి మైదానం వేరు. అందులో అక్కడక్కడా తాంబాళంలా పల్లపు చోట్లు. ఎప్పుడో పడ్డ వాన కొట్టుకొచ్చిన ఒండ్రు ఆ పల్లాల్లో ఆగుతుంది, ఆ ఒండ్రులోనే చెట్లు. అక్కడివాళ్లు ఘాఫ్ అనే ఆ చెట్టును చూడగానే అతను గుర్తుపట్టాడు. మన జమ్మిచెట్టే. జిల్లేడు కూడా కనిపించింది. ఊరివాళ్లు ఇద్దరు ఎదురైనట్టు ప్రాణం లేచొచ్చింది.

మూడేళ్లు, నాలుగేళ్లు వాన చుక్క పడదు. మరి చెట్లు ఏం తాగుతాయి? అరేబియా సముద్రం మీదినుంచి పొగమంచు వస్తుంది. తెల్లారేసరికి కొమ్మల చివర్లనుంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతుంటాయి. మేకలు ఆ ఆకులను నాకుతాయి, పురుగులు ఆ తడి పట్టుకొని బతుకుతాయి. సాలెం అనే ముసలి ఒంటెల కాపరి అతనికివన్నీ చూపించాడు. పచ్చి ఘాఫ్ కొమ్మ విరిచినవాణ్ని ఆ ముసలాయన తన గుడారంలో కూర్చోనివ్వడు. ఎక్కడ తవ్వినా ముందు చారెడు తడిమట్టి తీసి నాలుక మీద పెట్టుకుంటాడు. ఉప్పగా ఉంటే మనుషులకు పనికిరాదు, ఒంటెలకు సరిపోతుంది. చేదుగా ఉంటే ఎవరికీ పనికిరాదు. పై తడిని కళ్లతో నమ్మొద్దు, నోటితో నమ్మమనేవాడు.

ఖాళీ అని పేరు పెట్టిన చోట ప్రతి పల్లానికీ ఒక పేరుంది, ఏ పల్లంలో ఎవరి మంద మేయాలో కట్టుబాటుంది. మన దగ్గర మేకలు మేసిన గుట్టను బంజరు అని ఒక్క మాట రాస్తే చాలు, మరుసటి ఏడాదికి అక్కడ గేటు, గేటు ముందు వాచ్‌మెన్. అమీర్ అలీ వెళ్లేటప్పుడున్న గుట్టలు వచ్చేటప్పటికి కంకరైపోయాయి. కుంటను పూడ్చిన మట్టి ఏ ఊరిదో తెలియదు. ఎడారిలో ఒక్కసారి కూడా దారి తప్పనివాడు సొంత ఊళ్లో మేనత్త ఇంటికి దారి అడిగి పోయాడు.

ఈ పరిస్థితుల్లో గౌరయ్య వచ్చి పాయింట్ చూపమన్నాడు.

గౌరయ్యవి రెండెకరాలు. ఒక పక్క విల్లాల ప్రహరీ, మిగతా మూడు పక్కలా ప్లాట్ల రాళ్లు. మధ్యలో అతని పాలకూర, గోంగూర, కొత్తిమీర. పెండ్లాం దుర్గాబాయి పొద్దున్నే ఆకుకూరల గంప ఆటోలో వేసుకొని మచ్చ బొల్లారం కాలనీలు తిరుగుతుంది. ఉన్న బోరు ఫిబ్రవరిలో గుటక గుటకగా పోసి, మార్చిలో గాలి ఊదింది. చేను అమ్మమని ప్లాట్లవాళ్లు వారానికోసారి వచ్చి కూర్చుంటున్నారు. ఇదే ఆఖరి బోరు అని, ఇది పడకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయి వేలిముద్ర వేసి వస్తానని గౌరయ్య చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం కూడా లేదు.

అమీర్ అలీ ఇంటికొచ్చి భార్య షహర్ బానుతో అన్నాడు, ఏం చేయాలో తోస్తలేదని. కుట్టుమిషను మీద వంగిన ఆమె తలెత్తకుండానే, "నై మాలూమ్ బోల్‌కే బోల్ దో. క్యా జాతా?" అంది. తెలియదని చెప్పడానికి ఏం పోతుంది? పోయేదేమిటో అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు. మసీదు ముందు వేసే కుర్చీ.

మర్నాడు సాయంత్రం గౌరయ్య చేనుకు పోయాడు. వెంట పదిమంది. ఎండిన మడులన్నీ దాటుకుంటూ పోతే, ప్రహరీ మూలన ఒక మంచమంత మేర పచ్చగా ఉంది. ఒత్తుగా తుంగ. రెండు తెల్ల కొంగలు. అరచెయ్యి ఆనించి చూస్తే నేల చల్లగా తగిలింది. ఏప్రిల్ నెలలో చల్లటి నేల! ఇది తనకు తెలిసిన గుర్తు. ఈసారి తను ఊరికే నోరు జారడం లేదు, నిజంగానే తెలిసి చెప్తున్నాడు. మట్టి తీసి నోట్లో పెట్టుకోబోయాడు గాని పదిమంది చూస్తున్నారు, ఈ వయసులో మన్ను తింటున్నాడంటారని సిగ్గేసింది. రాయి తీసి అక్కడ పెట్టాడు. గౌరయ్య ఆ రాయికి పసుపు రాసి దండం పెట్టాడు.

ఆ రాత్రి అతనికి నిద్ర సరిగా పట్టలేదు. తెల్లారగానే ట్యాంకర్ పనికి పోకుండా నేరుగా చేనుకు పోయాడు. ఎవరూ రాలేదింకా. రాయి పక్కన మోచేతి లోతు తవ్వి, చారెడు తడిమట్టి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

సబ్బు.

ఉమ్మేసి మళ్లీ పెట్టుకున్నాడు. సబ్బే. సబ్బు కింద ఇంకేదో మురిగిన వాసన. ప్రహరీ మొదట్లో మట్టి గోకితే చెయ్యంత లావు పైపు బయటపడింది. గోడ అవతల ఎవరో స్నానం చేస్తున్నట్టున్నారు, పైపులోంచి నురగ చిన్నగా కారుతోంది. ఎడారిలో నేల ఉన్నదున్నట్టు చెప్పేది. ఇక్కడ తెచ్చిపోసిన మట్టి, మళ్లించిన నీళ్లు, కనిపించే పచ్చదనం కూడా అబద్ధమేనా? అతను గట్టు మీద కూలబడ్డాడు.

అంతలో బోరుబండి వచ్చింది. గట్టు తెంపి లోపలికి తోలుతున్నారు. వెనక గౌరయ్య, దుర్గాబాయి, నిన్నటి పదిమంది. దుర్గాబాయి చేతిలో కొబ్బరికాయ.

అమీర్ అలీ లేచి రాయికి అడ్డంగా నిలబడ్డాడు. "గౌరన్నా, గీడ ఏయకు."

"ఎందుకే? నువ్వే సూపిస్తివి."

"గివి భూమిల నీళ్లు గావన్నా. గోడ అవతలోళ్లు తానం జేసిన నీళ్లు."

గౌరయ్య వంగి పైపు చూశాడు. "సరే, మంచిగైంది ముందుగాలనే సూస్తివి. మరి యాడ ఏద్దాం?"

"నాకు తెల్వదు."

"తెల్వదంటే?"

"తెల్వదంటే తెల్వదే. నేనాడ నీళ్లు కనిపెట్టలే అన్నా. మోసిన. ఈడ తోల్తున్న సూడు ట్యాంకర్, ఆడ గూడ గదే తోలిన."

పదిమందిలో ఒకరు మసీదు బోరు మాటెత్తారు. నీడ కోసం నిలబడ్డానని, నోటికొచ్చింది అన్నానని అమీర్ అలీ చెప్పాడు. దుర్గాబాయి కొబ్బరికాయ కొంగులో చుట్టుకుంది.

"తమ్మీ, ఒక్కమాట అడుగుత," అంది. "నీ ట్యాంకరోళ్లు నీకేమన్న జెప్పిండ్రా? మా బోరు పడకుంటే వాళ్లకే గదా లాభం."

ఆ మాటలో సగం నిజం. ఎవరూ ఏమీ చెప్పలేదు గాని, గౌరయ్య బోరు గాలి ఊదడానికి కారణం అతను రోజుకు ఎనిమిదిసార్లు మోసుకుపోతున్న నీళ్లు కాదని ఏ ఖురాను మీద ప్రమాణం చేసి చెప్పగలడు? ఆ అనుమానం నెల నుంచి అతన్ని తింటూనే ఉంది.

"ఎవ్వలు జెప్పలే వదినా. కానీ గా నీళ్లు తీస్కపోయేటోళ్లల్ల నేను గూడ ఉన్న."

బోరుబండివాడికి ఓపిక నశించింది. ఎక్కడో ఒకచోట చూపించండి, ఇంకో ఊరు పోవాలన్నాడు. గౌరయ్య చేను మధ్యలోకి నడిచాడు, ఒకచోట ఆగాడు, ఇంకోచోటికి జరిగాడు. ఎక్కడ నిలబడ్డా ఒకేలా ఎండి ఉంది. చివరికి తిరిగొచ్చి అమీర్ అలీని అడిగాడు, ఆ ఎడారిలో నీళ్లు లేకపోతే వాళ్లేం చేస్తారని.

అమీర్ అలీకి సాలెం గుర్తొచ్చాడు. పల్లం ఎండిపోతే తవ్వీ తవ్వీ చావరని, మందను తోలుకొని ఇంకో పల్లానికి పోతారని గౌరయ్యకు చెప్పాడు. చెట్టును కొట్టరు. జాగాను ఎవరికీ ఇవ్వరు. నాలుగో ఏట వాన పడితే, చచ్చిందనుకున్న ఆ నేలలోంచి వారం తిరక్కుండా గడ్డి లేస్తుంది. గింజ అంతకాలం ఇసుకలోనే పడి ఉంటుంది. ఆ పచ్చదనాన్ని అతను రెండుసార్లు చూశాడు.

"మంచిగనే ఉన్నది ముచ్చట," అంది దుర్గాబాయి. "మనం ఒంటెలం గాదు తమ్మీ. దినాం తినాలె."

ఎవరో నవ్వారు. గౌరయ్య నవ్వలేదు. బోరుబండిని పంపించేశాడు.

తర్వాత ఏం జరిగిందో అమీర్ అలీకి ఇప్పటికీ సరిగా అర్థం కాదు. గౌరయ్య వేలిముద్ర వేయలేదు. ప్లాట్లవాళ్లు వస్తే వానకాలం పోనివ్వండన్నాడు. దుర్గాబాయి ఆకుకూరలు మానేసి మేడ్చల్ రోడ్డు మీద ఒక నర్సరీలో కూలికి కుదిరింది, పొద్దంతా పరాయి మొక్కలకు నీళ్లు పోస్తుంది. మృగశిర దాటాక తొలివానకు ఇద్దరూ కలిసి చేనంతా జొన్న చల్లారు. బోరు లేనినాడు గౌరయ్య నాయిన వేసిన పంట అదే. రెండో వాన ఇరవై రోజులు ఆలస్యమైంది. సగం మొలిచింది, సగం మాడింది. తను ఆ రోజు అడ్డంగా నిలబడి మేలు చేశాడా, కీడు చేశాడా? దుర్గాబాయి ఎదురైతే పలకరిస్తుంది. ఆ పలకరింపులో మన్నింపు ఉందో, ఎత్తిపొడుపు ఉందో పోల్చుకోలేడు. ట్యాంకర్ పని మానేద్దామని ఇంట్లో రెండుసార్లు అన్నాడు. మానేసి ఏం చేస్తావని షహర్ బాను అడిగితే రెండుసార్లూ లేచి బయటికి పోయాడు.

పేరు మాత్రం పోలేదు. పోతుందని భయపడ్డది పోలేదు సరికదా, ఇంకా పెరిగింది. రేగిస్తాన్ అమీర్ నాలుక మీద మట్టి పెట్టుకొని నీళ్లు లేవని చెప్పేస్తాడట, గౌరయ్యను బోరు ఖర్చునుంచి కాపాడాడట. ఈ మాట ఊరంతా చెప్పుకొచ్చింది ఎవరో కాదు, గౌరయ్యే.

మొన్న ఆదివారం దూలపల్లినుంచి లింగస్వామి అనే ఆయన వచ్చాడు. ఇంటి జాగలో బోరు వేయాలట. ప్లాస్టిక్ కవర్లో మట్టి తెచ్చాడు. తనకేమీ తెలియదని, తను ఉట్టి డ్రైవర్‌నని అమీర్ అలీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. లింగస్వామి అంతా ఓపిగ్గా విని, తెలిసినవాళ్లు ఎప్పుడూ అట్లనే అంటారని, కవరు ముడి విప్పి ముందుకు జరిపాడు. ఎర్రమట్టి, సన్నటి కంకరపలుకులు. అమీర్ అలీ షహర్ బాను వైపు చూశాడు. ఆమె మిషను ఆపి తనవైపే చూస్తోంది. చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు లేదు. చేదు లేదు. సబ్బు లేదు. మట్టి మట్టిలాగే ఉంది.

"ఏం రుచి తెలుస్తలేదన్నా," అన్నాడు.

లింగస్వామి ముందుకు వంగాడు. "అంటే ఎయ్యమంటవా, వద్దంటవా?"