తమిళ అక్షరాల్లో నాయన మాత్రలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, నా రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, తిరువళ్ళూరు దగ్గరి మా ఫ్యాక్టరీలో నన్నొక విచారణ కమిటీలో వేశారు. బండ్లకు విడిభాగాలు చేసే కంపెనీ అది. నేను సాఫ్ట్‌వేర్ విభాగంలో సీనియర్ మేనేజర్ని. యంత్రాలను నడిపే ప్రోగ్రాములన్నీ ఉండే వెర్షన్ కంట్రోల్ సర్వరు నా చేతికింద ఉండేది. ఏ ఫైల్లో ఏ వరుస ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఎన్ని మార్చినా పాత ప్రతి పోదు.

విచారణ దేవకి మీద. తిరుత్తణి పక్కన ఆర్.కె.పేట పిల్ల, నా దగ్గరే జూనియర్ ప్రోగ్రామరు, ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆడిట్‌లో ఆమె పేరుతో సర్వర్లో ఒక ఫైలు దొరికింది. అక్షరాలు తమిళం, చదివితే తమిళం కాదు. హెచ్.ఆర్. మేనేజరు నాలుగుసార్లు చదివి, అర్థం కాక, రహస్య భాషలో కంపెనీ సమాచారం దొంగిలించి దాస్తోందని ఛార్జి మెమో ఇచ్చేశాడు. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. ఇచ్చే ముందు నన్నొక్క మాట అడగలేదు ఆ మహానుభావుడు!

నాకు అర నిమిషం పట్టలేదు. అది తెలుగు. మా తిరుత్తణి వైపు ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో నేర్చేది తమిళం. మన మాటను ఆ అక్షరాల్లో రాసుకోవడం ఇంటింటా ఉన్నదే. కమిటీ ముందు గట్టిగా చదివాను: "నాయనకు ఈ పొద్దు ముక్కులో నెత్తురు రాలేదు. డాక్టరు అర మాత్ర చాలన్నాడు. అమ్మకు చెప్పినా."

దేవకి తండ్రికి గుండెలో వాల్వు మార్చారు. నెత్తురు గడ్డకట్టకుండా ఆయన వేసుకునే మాత్రకు పరీక్ష చేసినప్పుడల్లా మోతాదు మారుతుంది. "చీటీలు యాడ పెడతామో మాకే తెలీదు సార్. ఒకతూరి పాత చీటీ చూసి అమ్మ ఒకటిన్నర ఇచ్చేసింది. ముక్కులోంచి కారతానే ఉండింది, ఆటోలో ఆస్పత్రికి ఎత్తుకుపోయినాం. అప్పట్నుంచి దీంట్లో రాస్తా ఉండా. డాక్టరు ఏ తేదీ నుంచి ఎంత అనడిగితే చూపిస్తా," అంది.

ఇంత విన్నాక ఎవరైనా సిగ్గుపడాలి కదా! హెచ్.ఆర్. మేనేజరు మాత్రం, సరి, రహస్య భాష కాదు, సొంత పనికి సర్వరు వాడడం తప్పే కదా అన్నాడు. ఇంకెవరెవరు వాడారో జాబితా ఇమ్మని నన్నే అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. పూర్తి జాబితా ఇచ్చాను. మొదటి పేరు నాదే: మా ఇంటి మేడ ప్లాను, పదకొండు మార్పులు. రెండోది ఆయనది. కొడుకు పెళ్ళి పత్రిక, మా విభాగంలో ఒకరి చేత పెట్టించుకున్నాడు, ముప్పై నాలుగు మార్పులు. బావమరిది పేరు తీసేశారు, పెట్టారు, మళ్ళీ తీసేశారు. కారణం రాసేచోట "ఇంట్లో గొడవ" అని ఉంది. ఆయన ముఖం మాడిపోయింది. మరుసటి రోజే మెమో వెనక్కి తీసుకున్నారు. దేవకి ఉద్యోగం నిలిచింది.

రెండు రోజులకు విచారణ మినిట్స్ సంతకానికి వచ్చాయి. ఒక ఫైలు గురించి వివరణ అడిగితే ఉద్యోగిని తృప్తికరంగా ఇచ్చిందని రాశారు. అంతే! రహస్య భాష లేదు, దొంగతనం లేదు, మెమో ఊసే లేదు. ఆ పిల్ల తొమ్మిది రోజులు తలెత్తకుండా వచ్చిపోయింది. అదేమీ జరగనట్టే రాశారు.

మెమోలో ఉన్న వాక్యాన్ని, మెమో నంబరుతో, ఇచ్చినాయన పేరుతో, కింద పెన్నుతో రాసి అప్పుడు సంతకం చేశాను. అయిపోయింది కదా సార్, ఎందుకిదంతా అన్నాడు మేనేజరు. ఏది అయిపోయిందో కాగితం మీద ఉండాలన్నాను.

సంతకం పెట్టే ముందు కాగితంలో ఉన్నది చదివితే చాలదు. అందులోంచి ఏం తీసేశారో కూడా అడగాలి.