ఉరుమయ్యగుంపులో పలకని పేరు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా ఆశా కార్యకర్త సరోజన. నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక ఉపకేంద్రంలో ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే నర్సుగా ఉన్నాను. ఇంట్లో అమ్మ దగ్గరే అక్షరాలు దిద్ది, ప్రైవేటుగా పరీక్షలు రాసి, నర్సు శిక్షణ పూర్తిచేసి ఆ ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. ఇప్పించిన రాముడికి దండం పెట్టుకోనిదే డ్యూటీకి బయల్దేరేదాన్ని కాదు.

ఆ రోజు మండలంలో సురక్షిత ప్రసవాలపై సమీక్ష. ప్రసవాల గురించి మాట్లాడేటప్పుడు ప్రసవం కబురు వచ్చి అడ్డు తగలకూడదు కనుక అందరి ఫోన్లూ ఆఫ్ చేయించారు. ముగిశాక ఫోన్ ఆన్ చేసి మాట్లాడిన సరోజన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, ముత్తమ్మ కోడలికి నొప్పులు ముందుగాలనే వచ్చినయట. నెత్తురు బాగ పోయిందట. అంబులెన్స్‌ల దవాఖానకు తీస్కపోయిండ్రు" అంది.

ముత్తమ్మది ఉరుమయ్యగుంపు. గుంపు అంటే మా వైపు అడవిలోని చిన్న పల్లె. దాన్ని కట్టిన పెద్దమనిషి ఉరుమయ్య. ఆయన మీది గౌరవంతో ఇంటికొక మగబిడ్డకు ఆ పేరే పెట్టుకున్నారు. ఊరికీ మనుషులకూ ఒకే పేరుతో సరిపెట్టిన ఆ పొదుపు మెచ్చుకోదగ్గదే. చిక్కల్లా, అక్కడ ఆడది మొగుడి పేరు పలకదు, మామ పేరూ బావ పేరూ పలకదు. అంటే కోడళ్లెవరూ తాముండే ఊరి పేరు పలకరు.

ఆ పూట మగవాళ్లు, పెళ్లికాని పిల్లలు మిరపకోతకు పోయారు. మిగిలింది కోడళ్లే. ముత్తమ్మ ముందు సరోజనకు, నాకు ఫోన్ చేసి, రెండూ కలవక అంబులెన్స్‌కు చేస్తే అవతలి అమ్మాయి ఊరేదని అడిగింది.

"మా ఇంటాయన పేరే బిడ్డా."

"ఆయన పేరేంటమ్మా?"

"గదెట్ల చెప్త? వానకు ముందు మొగులు మీద సప్పుడైతది సూడు..."

"వాతావరణం కాదమ్మా, ఊరు చెప్పండి. లేదంటే లొకేషన్ పంపండి."

బటన్ల ఫోన్‌లో లొకేషన్! పక్కింటామెకు ఫోన్ ఇస్తే "నాకు మామ గాదా" అని వెనక్కిచ్చింది. ఇంకొకామెకు బావ. లోపల కోడలు రాజి మూలుగు సన్నబడింది. అప్పుడు ముత్తమ్మ కొంగు నెత్తిన కప్పుకొని, భద్రాద్రి దిక్కు తిరిగి దండం పెట్టి, "ఉరుమయ్యగుంపు" అని గట్టిగా అంది.

"ముందే చెబితే అయిపోయేదిగా!"

"నీకేంది బిడ్డా, నువ్వు ఆయన పెండ్లానివి గాదు."

దేవుడి దయ, రాజి బతికింది. ఆడపిల్ల పుట్టింది కనుక ఊరికి ఇంకో ఉరుమయ్య తప్పాడు. తర్వాత నేను వెళ్తే ముత్తమ్మ ఇంకా లెంపలు వేసుకుంటూనే ఉంది. మంచం మీద కూర్చున్న మొగుడు, "ఇన్నేండ్లకు నా పేరు నోటికొచ్చిందే! ఇంకోపారి అను" అని నవ్వాడు.

"ఇగ సాలు, ఊకో. మీ తాత ఊరికి ఇంకో పేరు పెడితే నా నోరెందుకు పాడయ్యేది?" అని ఆమె కసిరింది.

పైవాళ్లు విచారణ జరిపి, మహిళల్లో అవగాహన లోపమని తేల్చి, ఊరి పేరు చెప్పడంలో వారికి శిక్షణ ఇవ్వమన్నారు. ఫోన్లు ఆఫ్ చేయించిన వారికి శిక్షణ అవసరమని ఎవరికీ తోచలేదు.

నేను నేర్చుకున్నది చిన్నదే. గర్భిణిని నమోదు చేసిన రోజే ఆమె ఇంటి దారిని నేనే అంబులెన్స్ డ్రైవర్‌కు చూపించి రావాలి. మీటింగ్‌లో ఫోన్ ఆన్‌లో ఉంచాలి. రెండోదానికి ఒక మెమో కూడా అందుకున్నాను.

విచారణ నివేదికలో ముత్తమ్మ పేరు లేదు. "ఉరుమయ్య భార్య" అని రాశారు. ఆ ఊళ్లో ఆ ఆనవాలుతో వెతికితే ఇంటికొకరు దొరుకుతారు. అందుకని మీరైనా ఆమెను ముత్తమ్మ అని గుర్తుంచుకోండి.